వార్ధక్య విజ్ఞాన సదస్సులు – మనం నేర్వదగిన పాఠం

(పాఠశాల ప్లాటినం జూబిలీ విజ్ఞాన సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మన పాఠశాలకు 75 సంవత్సరాలు నిండాయి. సంస్థకు వయస్సు రావడం గౌరవమని మనమందరం భావిస్తాం. తోరణాలు కడతాం, సభలు జరుపుతాం, సంచిక వెలువరిస్తాం. మనిషికి 75 సంవత్సరాలు నిండినప్పుడు మాత్రం కాళ్లకు దండం పెట్టి, కుర్చీ వేసి, ఆ తరువాత వారి మాట వినడం మానేస్తాం. ఈ తారతమ్యాన్ని గురించి ఆలోచిస్తున్న రోజులలోనే, విజ్ఞాన సభలో ప్రసంగించవలసిందిగా ఉత్సవ సంఘంవారు నన్ను ఆదేశించారు. అందువల్ల వార్ధక్యాన్నే నా ప్రసంగ విషయంగా ఎంచుకున్నాను. అయితే ముసలితనంలో పాటించవలసిన ఆహారనియమాలను గురించి నేను చెప్పబోవడం లేదు. వార్ధక్యంపై పరిశోధన చేసేవారు సదస్సులను ఎలా ఏర్పాటు చేసుకున్నారో, ఆ ఏర్పాటు వల్ల ఒక శాస్త్రం ఎలా నిలదొక్కుకున్నదో మనవి చేస్తాను. ఉత్సవాలు నిర్వహించే మనకు అందులో ఒక పాఠమున్నదని నా నమ్మకం. నేను జంతుశాస్త్రం చదివి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, పిల్లలకు పాఠాలు చెప్పుకునేదానను. పరిశోధకురాలిని కాను. కనుక ఉపాధ్యాయురాలి దృష్టితోనే ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను.

ముసలితనం మానవజాతికి కొత్త కాదు. దానిని గురించిన శాస్త్రం మాత్రం కొత్తది. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఇల్యా మెచ్నికాఫ్ 1903లో దీనికి ‘జెరంటాలజీ’ అని పేరుపెట్టారు. 1909లో న్యూయార్కు వైద్యుడు ఇగ్నాజ్ నాషర్ వృద్ధుల వైద్యానికి ‘జీరియాట్రిక్స్’ అనే మాటను కల్పించారు. పేర్లు వచ్చాయి కాని శాస్త్రానికి పరువు రాలేదు. కారణం, యౌవనాన్ని అమ్మజూపేవారు శాస్త్రజ్ఞులకంటే ముందే అంగడి తెరిచారు. 1920లలో పారిస్‌లో సెర్జ్ వోరోనాఫ్ అనే శస్త్రవైద్యుడు కోతుల గ్రంథుల ముక్కలను వయసుమళ్లిన ధనవంతుల శరీరాలలో అతికి, పోయిన పడుచుదనం తిరిగి వస్తుందని ప్రకటించాడు. దేశదేశాల నుండి జనం బారులు తీరారు. కొన్నేళ్లకే ఆ చికిత్స వట్టిదని తేలింది. దాని ఫలితంగా, వార్ధక్యంపై పరిశోధన చేస్తున్నానని చెప్పుకోవడానికే యోగ్యులైన శాస్త్రజ్ఞులు జంకే పరిస్థితి ఏర్పడింది.

ఆ జంకును పోగొట్టిన వాటిలో ఒక సదస్సు ముఖ్యమైనది. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్మండ్ కౌడ్రీ జీవకణ నిర్మాణంలో నిపుణుడు. రక్తనాళాలు గట్టిపడే వ్యాధిపై ఆయన అంతకుముందే పలువురి చేత వ్యాసాలు వ్రాయించి 1933లో ఒక గ్రంథం తెచ్చారు. నాళాలు గట్టిపడడం రోగమా, లేక వయస్సుతో సహజంగా వచ్చే మార్పా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. ఈ ప్రశ్నకు ఒక్క శాస్త్రం జవాబు చెప్పలేదని గ్రహించి, జొసాయా మేసీ జూనియర్ ఫౌండేషన్ ఆర్థిక సహాయంతో 1937లో మసాచుసెట్స్ తీరాన ఉన్న వుడ్స్ హోల్ అనే చిన్న ఊరిలో ఆయన ఒక సమావేశం జరిపారు. ఆ కృషి ఫలితంగా 1939లో ‘ప్రాబ్లమ్స్ ఆఫ్ ఏజింగ్’ అనే బృహద్గ్రంథం వెలువడింది.

ఆ గ్రంథంలో ఎవరెవరు వ్రాశారో చూడండి. వృక్షాల వార్ధక్యాన్ని గురించి వృక్షశాస్త్రజ్ఞుడు, ఏకకణ జీవులను గురించి జంతుశాస్త్రజ్ఞుడు, శరీరం తన సమతుల్యతను ఎలా కాపాడుకుంటుందో పరిశోధించిన వాల్టర్ కానన్, మనస్సును గురించి మనోవిజ్ఞానవేత్త, మానవ సమాజాలను గురించి మానవశాస్త్రజ్ఞుడు వ్రాశారు. ఆహారం తగ్గించి పెంచిన ఎలుకలు ఎక్కువకాలం బ్రతికాయని 1935లో నిరూపించిన క్లైవ్ మెకే రసాయనిక విషయాలను గురించి వ్రాశారు. ఇక పీఠిక వ్రాసినవారి పేరు వింటే ఇక్కడున్న ఉపాధ్యాయులందరూ ఆశ్చర్యపోతారు. ఆయన జాన్ డ్యూయీ! శిక్షణ కళాశాలలో మనమందరం పరీక్ష కోసం చదువుకున్న డ్యూయీయే. 1859లో పుట్టిన ఆయనకు అప్పటికి 80 ఏళ్లు కావస్తున్నాయి. వార్ధక్యానికి మూలం దేహంలో ఉన్నా, ఆ దేహం ఆర్థిక, సాంఘిక, సాంస్కృతిక పరిస్థితుల నడుమ బ్రతుకుతుంది కనుక ఈ రెండింటినీ కలిపి చూడాలని ఆయన వాదించారు. కౌడ్రీ చేసిన పని ఏమిటి? వేర్వేరు గదులలో పనిచేసుకునే వారిని ఒకే ప్రశ్న ఎదుట కూర్చోబెట్టడం. నిర్వాహకుని మొదటి బాధ్యత అదే. వేదిక, విందు, బస అన్నీ తరువాతి మాట.

ఆ తరువాత చరిత్ర వేగంగా నడిచింది. రష్యాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన వ్లాదిమిర్ కోరెన్‌చెవ్‌స్కీ దేశదేశాలలో ఉన్న పరిశోధకులను కలుపుతూ తిరిగారు. 1945లో అమెరికాలో వార్ధక్యశాస్త్ర సంఘం ఏర్పడింది. 1950లో బెల్జియం దేశంలోని లియేజ్ నగరంలో అంతర్జాతీయ సంఘం ఏర్పడి, తొలి మహాసభ జరుపుకున్నది. రెండవ మహాసభ 1951లో సెయింట్ లూయీ నగరంలో జరిగింది.

మహాసభలలో జనం ఎక్కువ, చర్చ తక్కువ. ఈ లోటు తీర్చినది లండనులోని సీబా ఫౌండేషన్. అక్కడ కొద్దిమందిని మాత్రమే పిలిచేవారు. ఒకరు ఉపన్యసించిన తరువాత మిగిలినవారు ప్రశ్నలు వేయడానికి ధారాళంగా సమయముండేది. ఆ ప్రశ్నలను, జవాబులను కూడా ఉపన్యాసంతో పాటు అచ్చువేసేవారు. వార్ధక్యంపై ఆ సంస్థ 1955 నుండి 1959 వరకు 5 సంపుటాలు ప్రచురించింది. మొదటి సంపుటంలో పీటర్ మెడవార్ వ్రాసిన వ్యాసం, వార్ధక్యమనగా నేమి, దానిని కొలవడం ఎట్లా అన్న అంశాన్ని చేపట్టింది. ఆ ప్రశ్న పైకి సులభంగా కనిపిస్తుంది. జుట్టు నెరవడమా, చూపు మందగించడమా, పుట్టినతేదీ నుండి లెక్కించిన సంవత్సరాలా? వీటిలో దేనిని వార్ధక్యం అంటున్నామో ముందు తేల్చుకోకపోతే ఇద్దరు పండితులు రెండు వేర్వేరు సంగతులను గురించి రోజంతా వాదించుకోగలరు. మాటకు అర్థం కుదుర్చుకోవడం నిర్వాహకుని రెండవ బాధ్యత.

గార్డన్ పరిశోధన సదస్సులని అమెరికాలో మరొక సంప్రదాయమున్నది. నీల్ గార్డన్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు 1930లలో ప్రారంభించిన ఈ సదస్సులలో తరువాతి కాలంలో వార్ధక్య జీవశాస్త్రం కూడా చేరింది. ఊరికి దూరంగా సమావేశమవుతారు. ఉదయం, రాత్రి ఉపన్యాసాలుంటాయి. మధ్యాహ్నం ఖాళీ. నడకకు వెళ్లవచ్చు, చెట్టుకింద కూర్చుని మాట్లాడుకోవచ్చు. అక్కడ విన్నదానిని బయట ప్రచురించరాదు, ఫొటోలు తీయరాదు, ధ్వనిముద్రణ చేయరాదు. సీబా వారు చర్చను అచ్చువేశారు, గార్డన్ వారు చర్చను గోప్యంగా ఉంచారు. పద్ధతులు విరుద్ధమైనా ఉద్దేశం ఒక్కటే. పూర్తికాని పనిని, పొసగని ఫలితాన్ని పదిమంది ముందు పెట్టగల ధైర్యం మనిషికి కలగాలి. ప్రశ్నను అవమానంగా భావించని వాతావరణముంటేనే అది సాధ్యం. తరగతి గదికి కూడా ఇది వర్తిస్తుందని ఉపాధ్యాయులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రశ్న వేయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1912లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో అలెక్సిస్ కారెల్ కోడిపిండం గుండె నుండి తీసిన కణజాలాన్ని గాజుపాత్రలో పెంచడం మొదలుపెట్టారు. అదే సంవత్సరం ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆ కణజాలం 34 సంవత్సరాలు సజీవంగా ఉన్నదని లోకమంతా చెప్పుకున్నది. దాని వల్ల, శరీరం ముసలిదవుతుంది కాని విడిగా తీసి పెంచిన కణాలకు ముసలితనం లేదని నిర్ధారణ అయిపోయింది. ఇతర ప్రయోగశాలలలో ఎవరికైనా కణాలు చనిపోతే, తమ చేతిలోనే ఏదో లోపమున్నదని వారు తలవంచుకున్నారు. నోబెల్ గ్రహీత పేరు ముందు నోరెత్తడం అందరికీ సాధ్యమా?

1961లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో లియోనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనే ఇద్దరు యువ శాస్త్రజ్ఞులు దీనిని సరిచూశారు. మనిషి కణాలు పాత్రలో సుమారు 50 మార్లు విభజన చెంది ఆగిపోవడం వారు గమనించారు. పాత్రలోగాని ఆహారద్రవంలోగాని లోపమేమోనన్న అనుమానాన్ని తీర్చుకోవడానికి చక్కని ఉపాయం పన్నారు. అప్పటికే ఎన్నోమార్లు విభజన చెందిన పురుషుని కణాలను, కొద్దిమార్లు మాత్రమే విభజన చెందిన స్త్రీ కణాలను ఒకే పాత్రలో కలిపి పెంచారు. క్రోమోసోములను బట్టి ఏవి ఎవరివో గుర్తుపట్టవచ్చు కదా! కొంతకాలానికి చూస్తే పురుషుని కణాలు పోయి, స్త్రీ కణాలు మాత్రమే మిగిలాయి. పాత్ర ఒకటే, ఆహారం ఒకటే. కనుక ఆగిపోవడానికి కారణం కణంలోనే ఉన్నది. ఆ వ్యాసాన్ని మొదట ఒక ప్రసిద్ధ పత్రిక తిరస్కరించింది. వేరొక పత్రిక ప్రచురించింది. ఇప్పుడు అది ప్రతి పాఠ్యగ్రంథంలోను ఉన్నది. కారెల్ పాత్రలో పోషణ కోసం పోసిన పిండసారంతో పాటు కొత్త కణాలు చేరుతూ ఉండవచ్చునని తరువాతి వారు ఊహించారు. క్రోమోసోముల కొనలనున్న ‘టెలోమియర్ల’ పై కృషిచేసిన ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ బహుమతి లభించింది. కణవిభజనకు హద్దు ఎందుకున్నదో ఆ టెలోమియర్లే వివరించాయి. ఒక పెద్దమనిషి మాటను ప్రశ్నించడానికి అర్ధశతాబ్దం పట్టిందన్నది మనం మరువరాని సంగతి.

మరొక ఉదాహరణ స్త్రీలకు సంబంధించినది. తల్లులందరూ శ్రద్ధగా వినాలి. అమెరికాలో బాల్టిమోర్ కేంద్రంగా 1958లో ఒక దీర్ఘకాలిక అధ్యయనం మొదలైంది. ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ పరీక్షించి, వయస్సుతో వచ్చే మార్పులను నమోదు చేయడం దాని ఉద్దేశం. ఎంతో విలువైన కృషి, నేటికీ కొనసాగుతున్నది. కాని మొదటి 20 సంవత్సరాలు అందులో పురుషులు మాత్రమే ఉన్నారు. 1978లో గాని స్త్రీలను చేర్చుకోలేదు. ముసలివారిలో సగానికి మించి స్త్రీలే ఉండగా, మానవుల సహజ వార్ధక్యం ఇట్టిదని చెప్పడానికి అంతవరకు పురుషుల లెక్కలే ఆధారమయ్యాయి. ఎవరిని పిలవలేదో వారిని గురించిన జ్ఞానం మనకు కలుగదు. ఆహ్వానితుల పట్టీ వ్రాసే చేతిలో శాస్త్రం యొక్క భవిష్యత్తు ఉన్నది.

ఇక సమీపకాలానికి వద్దాం. వార్ధక్య పరిశోధనలో ఒక మిల్లీమీటరు పొడవైన గుండ్రటి పురుగును విరివిగా వాడతారు. దానికి ‘సీనోర్హాబ్డైటిస్ ఎలిగాన్స్’ అని పేరు. రెండు మూడు వారాలు బ్రతుకుతుంది. 1993లో సింథియా కెన్యన్ బృందం ఒక్క జన్యువులో మార్పు వల్ల దాని ఆయుష్షు రెట్టింపు కావడాన్ని చూపింది. తరువాత ఎందరో ఈ పురుగు ఆయుష్షును పెంచే రసాయనాలను ప్రకటించారు. ఒక ప్రయోగశాలలో పనిచేసిన రసాయనం మరొకచోట పనిచేసేది కాదు. ఈ తగవు తీర్చడానికి అమెరికాలోని మూడు ప్రయోగశాలలు జతకట్టి, ఒకే రసాయనాలను ఒకే పద్ధతిలో పరీక్షించ పూనుకున్నాయి. మొదట వారికీ ఫలితాలు కలవలేదు. కలిసి కూర్చుని, పని చేసే తీరును అడుగడుగునా సరిచూసుకున్నారు. అప్పుడు బయటపడిన తేడాలలో ఒకటి వింటే నవ్వు వస్తుంది. ఒకరు పురుగు వయస్సును గుడ్డు పెట్టిన నాటి నుండి లెక్కిస్తున్నారు, మరొకరు గుడ్డు పొదిగిన నాటి నుండి లెక్కిస్తున్నారు! పురుగును ఎంత మృదువుగా ఎత్తి వేరే పళ్లెంలో వేయాలన్న విషయం కూడా ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. ఈ అనుభవాన్ని 2017లో వారే ప్రచురించారు. మాటకు అర్థం కుదుర్చుకోవాలని ఇంతకుముందు మనవి చేశానే, దాని విలువ ఇక్కడ తెలుస్తుంది.

ఎలుకల విషయంలోను ఇట్టి ఏర్పాటే ఉన్నది. మేయిన్, మిషిగన్, టెక్సాస్ రాష్ట్రాలలోని మూడు కేంద్రాలలో ఒకే మందును ఒకేసారి పరీక్షిస్తారు. ‘రాపమైసిన్’ అనే మందుకు మూలమైన సూక్ష్మజీవి పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ ద్వీపపు మట్టిలో దొరికింది. ఆ మందును వెలికితీసిన బృందానికి నాయకత్వం వహించినవారు భారత సంతతికి చెందిన సురేన్ సెహగల్. దానిని ఎలుకలకు ఆహారంలో కలిపి పెట్టే పద్ధతి కుదరడానికి ఆలస్యమై, ఎలుకలకు 600 రోజుల వయస్సు వచ్చేసింది. మనుషులలో అది సుమారు 60 ఏళ్లతో సమానం. అప్పుడు మొదలుపెట్టినా ఎలుకల ఆయుష్షు పెరిగింది. నూటికి 90 ఎలుకలు మరణించే వయస్సును కొలతగా తీసుకుంటే ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరుగుదల కనిపించింది. 2009లో ఈ ఫలితం ప్రచురితమైనప్పుడు లోకం నమ్మింది. ఎందుకనగా మూడుచోట్లా అదే జరిగింది. అయినా ఆ శాస్త్రజ్ఞులు, మనుషులు దీనిని యౌవనం కోసం మింగవచ్చునని చెప్పలేదు. రోగనిరోధక శక్తిని అణచే మందు అది. ఎలుక ఎలుకే, మనిషి మనిషే. ఫలితం ఎంత గొప్పదైనా ఎంతవరకు చెప్పవచ్చునో అంతవరకే చెప్పడం శాస్త్రజ్ఞుని లక్షణం.

మన దేశం ఈ కృషిలో వెనుకబడి లేదు. మన ఒడిశాకు చెందిన ఆచార్య మధుసూదన్ కానుంగో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో వార్ధక్య పరిశోధనకు పునాది వేశారు. వయస్సుతో కొన్ని జన్యువుల పని తగ్గడం, కొన్నింటి పని పెరగడమే వార్ధక్యానికి మూలమని 1975లో సిద్ధాంతీకరించారు. 1980లో, 1994లో ఆయన వ్రాసిన గ్రంథాలను విదేశీ ప్రచురణ సంస్థలు వెలువరించాయి. 2005లో ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. 2011లో ఆయన కీర్తిశేషులయ్యారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య కల్లూరి సుబ్బారావు వయస్సు మీరిన మెదడు కణాలలో దెబ్బతిన్న డి.ఎన్.ఏ. ఎలా మరమ్మతు అవుతుందో ఏళ్ల తరబడి పరిశోధించారు. ఒకరు మనం స్థిరపడిన రాష్ట్రం వారు, ఒకరు మన భాష వారు. ఈ రెండు పేర్లూ మన విద్యార్థులకు తెలియవలసినవి.

ఇంతవరకు విన్నవారికి ఒక సందేహం కలగవచ్చు. బరంపురంలోని ఒక తెలుగు పాఠశాలకు, వుడ్స్ హోల్‌లో జరిగిన సదస్సుకు సంబంధమేమిటి?

చెబుతాను. మన వీధులలో వృద్ధులు ఏమి చదువుతున్నారో గమనించండి. వారిలో చాలామంది, ముఖ్యంగా స్త్రీలు, చదువుకున్నది తెలుగులోనే. ఐదవ తరగతితో చదువు ఆగిపోయిన అమ్మమ్మలు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. మందుల చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. ఆసుపత్రి గోడమీది సూచన ఒడియాలో ఉంటుంది. మోకాళ్ల నొప్పులు మాయమవుతాయని, పదేళ్ల వయస్సు వెనక్కి పోతుందని చెప్పే కరపత్రం మాత్రం తేటతెలుగులో, పెద్ద అక్షరాలతో ఉంటుంది. మా బంధువులలో ఒక పెద్దావిడ, వైద్యుడిచ్చిన రక్తపోటు మాత్రలను మాని, మూడు నెలల కుటుంబ పింఛను ఇట్టి కరపత్రం చూపిన మందుకు ధారపోశారు. ఆవిడకు తెలివి లేక కాదు. ఆవిడ చదవగలిగిన భాషలో ఆవిడతో మాట్లాడినవాడు వాడొక్కడే. వోరోనాఫ్ కాలం గతించలేదు, వేషం మార్చుకున్నది. నిజం మన భాషలో లేనిచోట ఆ స్థానాన్ని అబద్ధం ఆక్రమిస్తుంది.

తెలుగు మాధ్యమం ఇంకా ఎందుకని నన్ను తల్లిదండ్రులు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. పిల్లల భవిష్యత్తుపై వారికి గల ఆందోళన నేనెరుగుదును. వారికి నేను చెప్పేది ఇది. ఇంట్లో అమ్మమ్మకు అర్థమయ్యే భాషలో శాస్త్రాన్ని చెప్పగల బిడ్డ ఆ శాస్త్రాన్ని నిజంగా నేర్చుకున్న బిడ్డ. ఆ బిడ్డ తరువాత ఏ భాషలో పై చదువు చదివినా తడబడదు. కాని ఈ మాటను నేను నోటితో అన్నంత మాత్రాన సరిపోదు, చేసి చూపాలి.

అందువల్ల ఈ జూబిలీ సంవత్సరం ముగియకముందే, మన పాఠశాలలో ఒకరోజు వార్ధక్య విజ్ఞాన సదస్సును తెలుగులో నిర్వహించాలని సభవారి ఎదుట ప్రతిపాదిస్తున్నాను. ఇంతసేపు చెప్పిన పాఠాలనే దానికి నియమాలుగా పెట్టుకుందాం.

మొదటిది, వేర్వేరు విద్యలవారిని పిలుద్దాం. మన ఊరిలో 1962 నుండి వైద్యకళాశాల ఉన్నది. 2016లో ఏర్పడిన భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఉన్నది. వైద్యులైన, అధ్యాపకులైన పూర్వ విద్యార్థులు మనకెందరో ఉన్నారు. వారితో పాటు వృద్ధులను కూడా వక్తలుగా పిలుద్దాం. సన్మానించడానికి కాదు, సాక్ష్యం చెప్పడానికి. చూపు తగ్గడం, నిద్ర పట్టకపోవడం, తోడు పోవడం ఎట్లా ఉంటాయో వారికి తెలిసినంత మరెవరికి తెలుసు? అందులో సగంమంది స్త్రీలు ఉండాలన్నది నా పట్టుదల.

రెండవది, మాటలకు అర్థం కుదుర్చుకుందాం. పై తరగతుల విద్యార్థులు సైన్సు ఉపాధ్యాయులతో కూర్చుని ఒక చిన్న పదకోశం సిద్ధం చేయాలి. కణం, జన్యువు వంటి మాటలు మనకున్నాయి. లేనిచోట కృతకంగా కల్పించనక్కరలేదు. టెలోమియరును టెలోమియరు అనే వ్రాసి, అది ఏమిటో రెండు వాక్యాలలో చెప్పగలిగితే చాలు.

మూడవది, ఉపన్యాసం ఎంతసేపో చర్చ అంతసేపు ఉండాలి. 20 నిమిషాలు చెబితే 20 నిమిషాలు ప్రశ్నలు. మొదటి ప్రశ్న వేసే హక్కు విద్యార్థికి, రెండవది తాతయ్యలకు, అమ్మమ్మలకు. స్వాగతోపన్యాసాలు, పూలమాలలు కలిసి 10 నిమిషాలు దాటరాదు. ఈ నియమానికి పాలకవర్గంవారు కూడా బద్ధులై ఉండాలని సవినయంగా కోరుతున్నాను.

నాల్గవది, చెప్పిన ప్రతిమాటనూ, అడిగిన ప్రతి ప్రశ్ననూ వ్రాసి, చిన్న పుస్తకంగా పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఇంటింటికీ ఇద్దాం. ఆ కరపత్రం వెళ్లిన ప్రతి ఇంటికీ మన పుస్తకం కూడా వెళ్లాలి.

ఐదవది, చూసినదాన్ని మళ్లీ చూద్దాం. ఇష్టపడిన వృద్ధులను ప్రతి సంవత్సరం ఒకసారి మన విద్యార్థులు కలిసి, ఎంత దూరంలోని అక్షరాలు చదవగలుగుతున్నారు, కుర్చీలో నుండి చేయి ఆనకుండా లేవగలుగుతున్నారా, నూరు అడుగులు నడవడానికి ఎంతసేపు పడుతున్నది వంటి చిన్న విషయాలను, ఒక వైద్యుని పర్యవేక్షణలో, ఒకే పద్ధతిలో నమోదు చేయాలి. ఇది పరిశోధన అని నేను గొప్పలు చెప్పను. పిల్లలకు కొలవడం వస్తుంది. పెద్దలకు సంవత్సరానికి ఒకమారైనా తమ మాట వినేవారున్నారని తెలుస్తుంది. మార్పు కనిపిస్తే వేళకు వైద్యుని దగ్గరకు పంపవచ్చు.

దీనికి పెద్ద ధనం అక్కరలేదు. గదులు మనవి, బల్లలు మనవి. పుస్తకం అచ్చుఖర్చు పూర్వ విద్యార్థులు భరిస్తే చాలు. కావలసినది సమయం, క్రమశిక్షణ, ప్రశ్నను సహించే గుణం. ఈ మూడూ నేర్పడానికే 75 ఏళ్లుగా ఈ పాఠశాల నడుస్తున్నది. ఈ పాఠశాలను నాటినవారిలో అనేకులు నేడు లేరు. వారి తరువాతి తరంవారు ఈ సభలో ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. వారిని గురించి మాట్లాడడం మనకు అలవాటే. వారితో మాట్లాడడం, వారు చెప్పినది వ్రాసుకోవడం ఈ సంవత్సరం మొదలుపెడదాం.

ఈ ప్రతిపాదనపై మీ అభిప్రాయాలను, అభ్యంతరాలను కూడా వ్రాతపూర్వకంగా నాకు అందజేయవలసిందిగా కోరుతున్నాను. అభ్యంతరాలను ముందుగా చదువుతాను.